నడిచిన గుట్ట

రెంజల్
9 జూలై 1967

లింబాద్రికి,

అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నిన్న సాయంత్రం బోధన్ బస్సులోంచి మీ బావ దిగాడు. చేతిలో రేకు పెట్టె, భుజాన నువ్విచ్చిన కంబళి. చలికాలం మొదలయ్యేదాకా రానని చెప్పి నీ వెంట పోయిన మనిషి, పసుపు పెట్టే రోజుల్లో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. జ్వరమా, లారీ ఎక్కడైనా బోల్తా పడిందా అని ఒళ్ళంతా తడిమి చూశాను. ఒంటికి ఏమీ కాలేదు. ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

చెంబెడు నీళ్ళు తాగి ఒక్కటే మాట అన్నాడు: "నీ తమ్ముడు నన్ను పనికెల్లి తీసేయించిండు."

"మజాక్ చేస్తున్నవా?" అన్నాను. కాగితం తీసి నా ముందు పడేశాడు. ఇంగ్లీషులో ఉంది. బడి పంతులుకు చూపించాను. తాగిన మత్తులో లారీ నడిపినందుకు పనిలోంచి తొలగించామని రాసి ఉందట. చదివి చెప్పేటప్పుడు ఆయన నా ముఖం వైపు చూడలేదు.

"ఎవరు చూసిండ్రట?" అని అడిగితే మీ బావ అన్నాడు: "ఇంకెవరు? లింబాద్రి. పెద్దసారు ముందట నిలబడి, నా కండ్లల్ల కండ్లు పెట్టి చెప్పిండు. నేను నోరు తెరిచేలోపట బండి తాళం గుంజుకున్నరు."

పండరిపురం పోయి మెడలో తులసి మాల వేసుకున్న నాటినుంచి ఆయన కల్లు ముంత ముట్టలేదు. తన అన్న పెళ్ళిలో కూడా ముట్టలేదు. ఊరంతా ఎరిగిన సంగతి. మా అత్త భీమవ్వ రాత్రి నుంచి ఒకటే గొణుగుడు: "బామ్మర్దిని నమ్ముకోని పోతివి, మంచిగయింది."

ఆయనతో పాటు పోయిన ఇందల్వాయి మార్కండేయ మాత్రం అక్కడే ఉన్నాడట, డ్రైవర్లు పడుకునే అదే బారకాసులో, అదే పనిలో. ఆయన బహుశా గంగాజలం తాగుతాడు కాబోలు!

నిజమా, కాదా? వెంటనే రాయి.

తారాబాయి

*

కేరాఫ్ 56 ఎ.పి.ఓ.
24 జూలై 1967

అక్కకు,

ఉత్తరం అందింది. నిజమే. నేనే చెప్పాను. మళ్ళీ చెప్పాల్సి వస్తే మళ్ళీ చెబుతాను. బావ తాగడని నాకు నువ్వు రాయనక్కర్లేదు. పండరిపురానికి ఆయన పక్కన నడిచినవాణ్ణి నేనే.

కారణం ఇది.

(ఇక్కడ ఐదు వరుసలు నల్ల సిరాతో కొట్టేసి ఉన్నాయి.)

అందుకే ఆయన ఆ బారకాసులో ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. మంచిగా చెబితే వినలేదు. బతిమాలితే నవ్వాడు.

(ఇక్కడ మూడు వరుసలు కొట్టేసి ఉన్నాయి.)

ఇది సరిహద్దు దగ్గరి రోడ్డు పని. మేము రాసే ఉత్తరాలు మిలిటరీ వాళ్ళు చదివి గానీ పంపరు. తెలుగు చదవగలిగిన మనిషి కూడా ఒకడు ఉన్నాడు. కనుక నేను రాసినదాంట్లో నీ దాకా ఎంత వస్తుందో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం నమ్ము. ఆయనకు కీడు తలపెట్టలేదు.

ఇక్కడి ఎత్తుకు అన్నం ఎంతసేపు ఉడికినా పలుకు పోదు. పెదాలు పగిలి మాట్లాడితే నెత్తురు వస్తుంది. నువ్వు కట్టి ఇచ్చిన పసుపు వాటికే రాసుకుంటున్నాను. పసుపు పెట్టడం అయిందా? కాలువ నీళ్ళు వదిలారా?

నీ తమ్ముడు
లింబాద్రి

*

రెంజల్
10 ఆగస్టు 1967

లింబాద్రికి,

నల్లగా కొట్టేసిన ఉత్తరాన్ని ఎండకు పట్టి చూశాను, దీపానికి పట్టి చూశాను. ఏమీ కనపడలేదు. "సర్కారోళ్ళు కొట్టేసిండ్రంటవా, ఈయననే రాసి ఈయననే కొట్టేసిండంటవా?" అంది మా అత్త. నాకూ అదే అనుమానం. ఒక మనిషిని పనిలోంచి తీసేయడంలో దేశం రహస్యం ఏముంటుంది?

కీడు తలపెట్టలేదట! విను, ఏం జరిగిందో. చెరుకు ఆడే కాలం వస్తోంది కదా అని మీ బావ బోధన్‌లో లారీల కాంట్రాక్టరు దగ్గరికి పోయాడు. ఇదివరకు ఆయన దగ్గర నాలుగు సీజన్లు నడిపాడు. ఇన్ని రోజులు ఎక్కడున్నావు, కాగితం ఏది అన్నాడట. అబద్ధమాడటం రాని మనిషి, కాగితం చూపించాడు. "సాయన్నా, నువ్వు మంచోనివే. కాని గిది జూసినంక నీ చేతికి బండియ్యమంటె ఎట్ల?" అని తిరిగి చేతిలో పెట్టాడట.

ఆ రోజు ఇంటికి వచ్చి మెడలో మాల తీసి దేవుడి గూట్లో పెట్టాడు. ఎందుకు తీశావంటే, "తాగుబోతు మెడల మాలెందుకు?" అన్నాడు. మరునాడు పొద్దుగూకేటప్పటికి కల్లు దుకాణం ముందు కూచుని ఉన్నాడు. నేనే పోయి రెక్క పట్టుకుని తీసుకొచ్చాను. వాడకట్టంతా చూసింది. నీ మాట నిజం చేశాడు తమ్మీ. సంతోషమేనా?

ఒకటి అడుగుతాను, దాచకు. బాపు పోయేముందు కాలువ కింది మడి నాకు రాసి ఇచ్చినప్పుడు నువ్వేమీ అనలేదు. అననిది కడుపులో పెట్టుకున్నావా? మేము నిలదొక్కుకుంటే చూడలేకపోయావా? అట్లాగైతే ఆ మడి నువ్వే తీసుకో. ఆయన పేరు మాత్రం తిరిగి ఇచ్చెయ్యి.

తారాబాయి

*

22 ఆగస్టు 1967

అక్కా,

ఈ ఉత్తరం సెలవు మీద పోతున్న కంపౌండరు చేతికి ఇస్తున్నాను. పఠాన్‌కోట్‌లో డబ్బాలో వేస్తాడు. నల్ల సిరా పడదు. పట్టుబడితే ఇద్దరి మీదా కేసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ మడి మాట చదివాక నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. నీకు ఆ మాట రాయడానికి చెయ్యి ఎట్లా వచ్చింది? బాపు కాగితం రాసిన రోజు సాక్షి సంతకం పెట్టింది నేను కాదా?

ఇక విను. ఇక్కడ నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. కొండ మీద పడే మంచు వేరు, నేను చెప్పేది నేల లోపలి మంచు. పలుగు వేస్తే బండ మీద వేసినట్టు ఖంగుమంటుంది. ఎండాకాలం పైపైన మోకాటి లోతు కరుగుతుంది. ఆ నీళ్ళు కిందికి ఇంకడానికి దారి లేదు, అడుగున అంతా మంచే కదా. తడిసిన మన రేగడిని నున్నటి బండ మీద కుప్పపోసి, బండను కొంచెం ఎత్తితే ఏమవుతుంది? అదే ఇక్కడి గుట్టల పని. పై మట్టి గడ్డితో సహా మెల్లగా కిందికి నడుస్తుంది. కంటికి కనపడనంత మెల్లగా, ఏడాదికి జానెడో బెత్తెడో. అట్లా ఎన్ని వేల ఏళ్ళుగా నడుస్తోందో, ఎవరికీ హాని లేదు.

మేము వచ్చి రోడ్డు కోసం దాని పాదం కోసేశాం. పాదం నరికితే గుట్ట దేని మీద ఆనుకుంటుంది? కోసిన చోట లోపలి మంచు ఎండకు బయటపడి, కన్నీళ్ళలా కారుతోంది. అదే వాలు మీద డ్రైవర్లకు రేకుల బారకాసు కట్టాం. లోపల ఎప్పుడూ పొయ్యి మండుతుంది. ఆ వేడికి కింది నేల ఇంకా మెత్తబడుతోంది. కొలతలు చూసేది నేనే కనుక జూన్ మొదట్లో వాలుకు అడ్డంగా ఇనుప మేకులు ఒకే వరుసలో, దారం కట్టి మరీ దిగ్గొట్టాను. పదిహేను రోజులకే ఆ వరుస విల్లులా వంగింది. బారకాసు తలుపు మూసుకోవడం మానేసింది. తంతి స్తంభాలు పక్కకు వాలిపోయాయి. ఇక్కడ తాగినట్టు తూగుతున్నవి ఆ స్తంభాలు అక్కా, బావ కాదు.

మా పెద్దసారుకు చెప్పాను. మేకులు చూపించాను. "చలికాలం లోపల రోడ్డు అవతలికి చేరాలి. ఇంకో చోట చదును చేసి బారకాసులు కట్టేసరికి మంచు పడుతుంది. గుట్ట ఇన్నేళ్ళు ఆగింది, ఇంకో రెండు నెలలు ఆగలేదా?" అన్నాడు. రాసి ఇస్తానన్నాను. "రాస్తే పని ఆపాలి. నీ భయాన్ని కాగితం మీద పెట్టకు, కూలీలకు అసలే చెప్పకు. చెప్పావంటే జైలుకు పంపుతా" అన్నాడు. ఆయన టీ తాగుతూ కూచున్నాడు.

అప్పుడు బావకు చెప్పాను, ఇంటికి పొమ్మని. ఏమన్నాడో తెలుసా? "గుట్ట నడుస్తదా లింబాద్రీ? గది గూడ పండరికి పోతున్నదా ఏంది?" అని పడీ పడీ నవ్వాడు. "అందరుండంగ నేనొక్కన్నే పారిపోతె నన్ను మొగోడంటరా?" అన్నాడు. ఎట్లా చెప్పినా కదలడని తెలిసింది. ఆయన్ని అక్కడినుంచి లేపడానికి నాకు ఇంకో దారి కనపడలేదు.

ఆయనకు చదివి వినిపించు. తిట్టనీ. బతికి తిట్టనీ.

లింబాద్రి

*

రెంజల్
1 సెప్టెంబరు 1967

లింబాద్రికి,

పఠాన్‌కోట్ ముద్ర ఉన్న ఉత్తరం వచ్చింది. మడి మాట రాసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ కోపం పోలేదు. అది ఇంకో చోటికి మారింది.

మీ బావకు మొత్తం చదివి వినిపించాను. గుట్ట సంగతి వచ్చేదాకా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత లేచి కూచున్నాడు. మేకుల దగ్గర రెండుసార్లు చదవమన్నాడు. చివరికి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "గుట్ట నడిచేది నిజమైతె మార్కండిని ఎందుకు పంపలే? అబద్ధమైతె నన్నెందుకు పంపిండు? ఏదన్న ఒక్కటి చెప్పుమను."

నీ దగ్గర జవాబు ఉందా? మార్కండేయ తనంతట తాను రాలేదు. ఇందల్వాయిలో మగ్గం మూలపడి, ఎవరి లారీనో అద్దెకు నడుపుకుంటున్న మనిషిని "రా, మా బామ్మర్ది ఉన్నడు, సూసుకుంటడు" అని మీ బావే వెంటబెట్టుకుని పోయాడు. మార్కండేయ భార్య వెంకటవ్వ నిజామాబాదు స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని "సూసుకొమ్మని మీ తమ్మునికి చెప్పు అక్కా" అంది. నేను నీకు చెప్పాను కూడా.

నీ పెద్దసారు కాళ్ళు పట్టుకుంటావో, మెడ పట్టుకుంటావో, మార్కండేయనూ అక్కడినుంచి పంపించు. ఈ ఉత్తరం అందిన రోజే పంపించు. మిగతావాళ్ళకూ చెప్పు. జైలు అంటే జైలు.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. మంజీర నిండుగా పోతోంది.

తారాబాయి

*

3 సెప్టెంబరు 1967

అక్కా,

గుట్ట వచ్చేసింది.

నాలుగు రోజుల కింద. ముందు రెండు రోజులు ఎన్నడూ లేనంత వేడి, ఆ తర్వాత వాన. మధ్యాహ్నం అన్నాలు తిన్న వేళ. నేను ఏటికి ఎదుటి ఒడ్డున ఇంకో కోత దగ్గర ఉన్నాను. ఉరిమినట్టు ధ్వని వస్తుందనుకుంటాం కదా, ఏమీ రాలేదు. వాలు మీది గడ్డి, రాళ్ళు, నేను దిగ్గొట్టిన మేకులు, అన్నీ కలిసి తివాచీని కింది నుంచి ఎవరో గుంజినట్టు కదిలాయి. పరుగెత్తలేదు, నడిచే వచ్చింది. నేను గొంతు పగిలేలా అరిచాను. మెలకువగా ఉన్నవాళ్ళు బయటికి దూకారు. బారకాసు పక్కకు ఒరిగి, నిలువునా మట్టిలోకి దిగిపోయింది. గుట్ట మీద మట్టి పోయిన చోట అడుగున మంచు, అద్దంలా మెరుస్తూ.

నిద్రలో ఉన్నవాళ్ళు నలుగురు పోయారు. అందులో మార్కండేయ.

బావ ఇంటికి వచ్చేశాక ఇంకో డ్రైవరును ఇవ్వలేదు. బావ వేయాల్సిన ట్రిప్పులు కూడా మార్కండేయ చేతే వేయించారు. రాత్రంతా నడిపి వచ్చి, తిని, పడుకున్నాడు. పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని బావ ఖాళీ చేసిన మంచం మీదికి మారాడు. మేము తవ్వేసరికి ఒంటిమీద చిన్న దెబ్బ కూడా లేదు.

వాళ్ళ ఇంటికి తంతి ఇస్తామన్నారు. ఇంగ్లీషులో వస్తుంది. ఆ ఇంట్లో చదివేవాళ్ళు లేరు. ఎవరో దారిన పోయేవాడి నోట వినకూడదు. నువ్వు పో అక్కా. నీకు తప్ప ఎవరికి చెప్పను?

నా పోయిన ఉత్తరానికి నీ జవాబు ఇంకా అందలేదు, రాసి ఉంటే. ఇదీ సెలవు మీద పోతున్నవాడి చేతికే ఇస్తున్నాను.

లింబాద్రి

*

రెంజల్
20 సెప్టెంబరు 1967

లింబాద్రికి,

పోయాను. నువ్వు చెప్పావని కాదు. ఆమె స్టేషన్లో పట్టుకున్న చెయ్యి నాదే కనుక పోయాను.

మీ బావకు చెప్పినప్పుడు ఆయన ఏడవలేదు. "నా ట్రిప్పు గూడ ఆయననే కొట్టిండా?" అని అడిగాడు. అవునన్నాను. లేచి పొలానికి పోయాడు. వెంట రమ్మంటే, "ఏ మొకం పెట్టుకోని రావాలె?" అన్నాడు.

ఇందల్వాయిలో వెంకటవ్వ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి నవ్వింది. "ఏమక్కా, గిట్లొచ్చినవ్? మీ తమ్ముడు ఏమన్న రాసిండా?" అంది. తంతి రాలేదని అర్థమైంది. ఎట్లా చెప్పానో నాకు గుర్తు లేదు. చాట కింద పడింది, తునికాకు వాకిలంతా చెదిరింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి పట్టుకున్నారు.

చాలాసేపటికి నెమ్మదించి, నా వైపు తిరిగి అడిగింది: "ఇద్దరు గల్సే పోయిండ్రు గద. మీ ఆయన ఎట్ల బతికిండు?"

అబద్ధం చెప్పవచ్చు. పని నచ్చక ముందే వచ్చేశాడనవచ్చు. మన ఇంట్లో అబద్ధాలు చాలు అనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుట్ట నడుస్తోందని నా తమ్ముడికి తెలుసనీ, తాగాడని నేరం మోపి మా ఆయన్ని పంపించాడనీ చెప్పాను.

ఆమె అన్న మాటలు నేను చచ్చేదాకా మరిచిపోను:

"నీ తమ్మునికి ఒక్క అబద్ధమే దొరికిందా? నా మొగనికి ఇంకొకటి దొరకలేదా? తాగిండనకుంటె మానె, దొంగతనం చేసిండంటె అయిపోవు గద! దొంగయినా ఇంటికొస్తుండె."

నేను లేచి వచ్చాను. ఎవరూ కూచోమనలేదు.

నువ్వు నలుగురికి చెప్పి ఉంటే నలుగురూ పరుగెత్తేవాళ్ళు. నీ బావను మాత్రం దొంగచాటుగా దాటించి, మిగతావాళ్ళను ఆ మట్టి కింద పడుకోనిచ్చావు. నువ్వు కాపాడింది నా మొగుణ్ణి. అందుకే నేను ఎంత తిట్టినా నా నోరు నాకే చేదుగా ఉంది. ఇట్లాంటి మేలు ఎవరైనా చేస్తారా?

తారాబాయి

*

6 అక్టోబరు 1967

అక్కా,

ఇదీ చేతి మీదే పంపుతున్నాను. నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. "మార్కండిని ఎందుకు పంపలే" అన్న ఉత్తరం నేను ముందు విప్పాను.

నేను మనిషిని కాదనుకున్నావా? ఒకే వారంలో ఇద్దరు డ్రైవర్లు తాగారంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే బావ కూడా అక్కడే ఉండేవాడు. మార్కండేయకు చెవిలో చెప్పాను. "సాయన్న లేడు, నేను గూడ పోతె సార్ ఊకోడు. ఇంకో నెల" అన్నాడు. నేను గట్టిగా పట్టుపట్టలేదు, అది నిజం. నాకు అప్పుడు నువ్వు కనిపించావు. నీ పసుపు కుంకుమ కనిపించింది. ఇంకెవరి ముఖమూ కనపడలేదు. అక్క కోసం చేయడం నేరమైతే నేరమే. నువ్వే వేలు చూపిస్తే మరి నేను ఎక్కడికి పోవాలి?

ఇక్కడ విచారణ జరుగుతోంది. కింది నుంచి ముగ్గురు అధికారులు వచ్చారు. పెద్దసారు రాసి ఇచ్చింది ఏమిటంటే, మేఘం పగిలి కుండపోతగా వాన కురిసింది, గుట్ట ఒక్కసారిగా విరిగిపడింది, ముందుగా తెలిసే అవకాశం ఎవరికీ లేదు. దాని కింద నన్నూ సంతకం పెట్టమన్నారు. ఒక్కసారిగా! నేను జూన్ నుంచి దాని నడకను చూశాను. చదువుతుంటే ఆ కాగితం ఆయన నోట్లో కుక్కాలనిపించింది.

నేను చెప్పిన సంగతికి కాగితం లేదు, సాక్షి లేడు. మేకులు మట్టిలో కలిసిపోయాయి. నాకు ముందే తెలుసు అనడానికి ఒకే ఒక్క రుజువు ఉంది, నేను బావను పంపించడం. అది చెబితే తప్పుడు ఫిర్యాదు చేశానని నేనే ఒప్పుకున్నట్టు. ఉద్యోగం పోతుంది, ఇంకే సర్కారు పనీ దొరకదు. సంతకం పెడితే ఏమీ కాదు. పోయినవాళ్ళు ఎట్లాగూ తిరిగి రారు.

ఏం చేయమంటావు?

లింబాద్రి

*

రెంజల్
20 అక్టోబరు 1967

లింబాద్రికి,

ఏం చేయమంటావని నన్ను అడుగుతున్నావు. మొదటిసారి అబద్ధం చెప్పేముందు అడిగావా?

నా పసుపు కుంకుమను నీ పనులకు అడ్డం పెట్టకు. నేను అడగలేదు. అడిగి ఉంటే మీ బావను పంపమని అడిగేదాన్నే, అది కూడా ఒప్పుకుంటాను. కానీ వెంకటవ్వ ముందు నిలబడి వచ్చాక నా నుదుటి మీది బొట్టును అద్దంలో చూసుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

మీ బావ కల్లు దుకాణానికి పోవడం మానేశాడు. అది నయమైందనుకోకు. మాట్లాడటమూ మానేశాడు. మొన్న చెప్పకుండా ఇందల్వాయి పోయి, ఆ వీధి మొదట్లో నిలబడి, లోపలికి అడుగు పెట్టలేక తిరిగి వచ్చాడట. వచ్చి అన్నాడు: "నన్ను తాగుబోతన్నందుకు కోపం పోయింది. నన్ను అడగకుంట నా పానం కాపాడిండు సూడు, గా కోపమే పోతలేదు."

పోయినవాళ్ళు తిరిగి రారట! ఇంకా అక్కడ ఉన్నవాళ్ళ సంగతేమిటి? ఎవరికీ తెలియదని రాసుకుంటే వచ్చే ఎండాకాలం ఇంకో గుట్ట పాదం కోస్తారు, ఇంకో బారకాసు కడతారు. అందులో పడుకునేవాడికీ ఎక్కడో ఒక ఊళ్ళో పెళ్ళాం ఉంటుంది. ఆ పెద్దసారు టీ తాగుతూ కూచుంటాడు. వాణ్ణి తలుచుకుంటే నాకు ఇక్కడ కడుపు మండుతోంది, అంత దగ్గర ఉన్న నీకు మండదా?

ఆ సంతకం పెట్టావంటే నా గుమ్మం తొక్కకు. ఇది బెదిరింపు కాదు. నాకు వేరే తమ్ముడు లేడని తెలిసే రాస్తున్నాను.

తారాబాయి

*

పఠాన్‌కోట్
12 నవంబరు 1967

అక్కా,

చెప్పేశాను.

విచారణ గదిలో ఆ కాగితం ముందు పెట్టి కలం ఇచ్చారు. "ఇది అబద్ధం. గుట్ట ఒక్కసారి విరగలేదు. జూన్ నుంచి కదిలింది. నేను ఈయనకు చూపించాను" అన్నాను. పెద్దసారు కుర్చీలోంచి లేచి, "ఇతను ఇప్పుడు కథ అల్లుతున్నాడు. తెలిస్తే అప్పుడే ఎందుకు గొడవ చేయలేదు?" అన్నాడు. ముగ్గురిలో పెద్దాయన నన్ను అదే అడిగాడు. "గొడవ చేయలేదు, అది నా తప్పు. కానీ నా బావను పంపించాను. జూన్ చివర తాగాడని పంపించిన డ్రైవరు నా సొంత అక్క మొగుడు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయన చుక్క ముట్టలేదు. గుట్ట సంగతి తెలియకపోతే నేను ఆ పని ఎందుకు చేస్తాను?" అన్నాను.

"మిగతావాళ్ళను?" అని అడిగాడు పెద్దాయన. "పంపలేదు" అన్నాను. ఆ తర్వాత ఆయన నా వైపు చూడలేదు. కానీ స్వయంగా వచ్చి కోత చూశాడు. అంచున మట్టి తీయించి లోపలి మంచును చేత్తో ముట్టాడు.

ఫలితం ఇది. మిగిలిన బారకాసులను ఏటి అవతల గట్టి బండ నేలకు మార్చారు. ప్రమాదం ముందే తెలుసునని రాశారు. బావ మీద రాసింది కొట్టేసి వేరే కాగితం ఇచ్చారు, దీనితో పాటు పంపుతున్నాను. నన్ను పనిలోంచి తీసేశారు. పెద్దసారును? బదిలీ చేశారు! కిందికి, చలి లేని చోటికి. పోయేరోజు ఆయనకు టీ పార్టీ కూడా ఇచ్చారు. నేను సామాను కట్టుకుంటూ ఆ చప్పట్లు విన్నాను. ఇంత రాసినా ఇంకా పళ్ళు నూరుతూనే ఉన్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు నీ గుమ్మం తొక్కవచ్చా? లెక్కలు తేలేదాకా ఇక్కడే, స్టేషన్ పక్క సత్రంలో ఉంటాను.

లింబాద్రి

*

రెంజల్
24 నవంబరు 1967

తమ్మీ,

మీ బావ కాగితం అందింది. పంతులు చదివి, ఈసారి నా ముఖం చూసి చెప్పాడు. కాంట్రాక్టరు కూడా చూసి, మరునాటి నుంచే బండి ఎక్కమన్నాడు. మీ బావ ఎక్కాడు. చెరుకు లారీ నడుపుతున్నాడు. మాల మాత్రం ఇంకా గూట్లోనే ఉంది. నేను అడగలేదు.

నువ్వు విచారణలో చెప్పింది చదివి వినిపిస్తే, "చెప్పిండా?" అన్నాడు. అంతే. నువ్వు వస్తున్నావంటే, "రానీ. నేను పొలంల పండుకుంట" అన్నాడు. ఆయన కోపం ఎప్పుడు చల్లారుతుందో నాకు తెలియదు. నా కోపమూ చల్లారలేదు. నువ్వు చివరికి చేసిన పని మంచిదే, మొదట చేయాల్సింది. ఈ రెండూ నాకు ఒకేసారి గుర్తొస్తాయి.

నేను మళ్ళీ ఇందల్వాయి పోయాను. నువ్వు ఉద్యోగం పోగొట్టుకుని నిజం చెప్పావని వెంకటవ్వకు చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు. మెచ్చుకుంటుందని నేనూ అనుకోలేదు. బీడీలు చుడుతూనే, తల ఎత్తకుండా అంది: "మీ తమ్మున్ని ఒక్కపారి రమ్మను. మా ఆయన మట్టి పడేటప్పుడు లేసిండా, నిద్రల్నే పోయిండా? తవ్వి తీసినోడే నాకు చెప్పాలె. ఉత్తరంల గాదు."

కనుక విను. మన్మాడ్‌లో రైలు మారుతావు కదా. నిజామాబాదు వచ్చినప్పుడు పెట్టె దించకు. నేను అక్కడ ఉండను. టికెట్టు ఇందల్వాయి దాకా తీసుకో. ఆ స్టేషన్లో నేను నీ కోసం చూస్తుంటాను. ఇద్దరం కలిసి ఆ ఇంటికి పోదాం. ఆమె తిడితే తిట్టనీ. కాలర్ పట్టుకుని కొడితే కొట్టనీ. అడిగినదానికల్లా జవాబు చెప్పు, ఒక్కటి కూడా మింగకు. నేను నీ పక్కనే నిలబడతాను, కానీ అడ్డం రాను.

అక్కడినుంచి మన ఇంటికి పోదాం.

అక్క
తారాబాయి